నులిపురుగులు – బడికి గైర్హాజరు

బడికి సరిగా రాని పిల్లవాణ్ణి చూసి "వీడికి చదువు అబ్బదు" అనేయడం మన ఊళ్ళలో మామూలే. ఈ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే ఒక దూరదేశపు సంగతి చెప్పుకోవాలి.

తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో, విక్టోరియా సరస్సుకు దగ్గరలో బుసియా అనే పేద ప్రాంతం ఉంది. 1998లో అక్కడ 75 ప్రాథమిక పాఠశాలల్ని, అంటే సుమారు 30 వేల మంది పిల్లల్ని తీసుకుని నులిపురుగుల మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టారు (మన మెట్టలో పొగాకుకు కొట్టే పురుగుల మందు కాదు సుమా!). అన్ని బడులకూ ఒకేసారి ఇవ్వలేదు, మూడు జట్లుగా విడదీసి వంతులవారీగా ఇచ్చారు. అందువల్ల మాత్ర వేసిన బడినీ, ఇంకా వేయని బడినీ పోల్చి చూడగలిగారు. మాత్రలు వేసిన బడుల్లో గైర్హాజరు సుమారు నాలుగో వంతు తగ్గింది. పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. ఈ లెక్కలపై 2015లో పెద్ద వాదనే జరిగింది. ఈ పరిశోధన చేసిన ఇద్దరిలో ఒకరైన మైఖేల్ క్రెమర్ 2019లో మన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

కడుపులో పురుగుకీ బడికీ సంబంధమేమిటి? వీటిలో కొంకిపురుగు మరీ ప్రమాదకరం. ఆరుబయట మలవిసర్జన చేసినచోట దాని గుడ్లు తడినేలలో పొదిగి, పిల్లపురుగులు వట్టికాళ్ళ చర్మం గుండా లోపలికి పోతాయి. రక్తంతో ఊపిరితిత్తులకు, అక్కడి నుండి గొంతుకు, చివరికి చిన్నపేగుకు చేరతాయి. అక్కడ పేగుగోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. తిన్న తిండి ఒంటికి పట్టదు, రక్తహీనత వస్తుంది. స్టడీ అవర్లో కునికిపాట్లు పడే తమ్ముడు బద్ధకస్తుడే కానక్కరలేదు.

మన దేశంలో 2015 నుండి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతున్నారు. రెండేళ్ళు దాటినవారు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను నమిలి మింగాలి. ఒకసారి వేసుకున్నా మళ్ళీ పురుగులు చేరవచ్చు కనుక ఏటా వేసుకోవాలి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వారానికొకసారి నీలంరంగు ఐరన్ మాత్ర ఇచ్చేవారు. వేసుకుంటే విరేచనం నల్లగా వచ్చేది. భయపడి, చాలామందిమి నోట్లో వేసుకున్నట్లు నటించి గోడ అవతలకి విసిరేసేవాళ్ళం. అలా నల్లగా రావడం ఐరన్ వల్లేననీ, దానివల్ల ప్రమాదం లేదనీ డిగ్రీకి వచ్చాక గాని నాకు తెలియలేదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం కూడా తగ్గుతుంది.

పూర్వ విద్యార్థులం వార్షికోత్సవానికి ప్లేట్లు, గ్లాసులు ఇస్తుంటాం. ఈసారి తమ్ముళ్ళకు చెప్పులు ఇద్దామని నా ఆలోచన. కొలతలు మాత్రం ముందే పంపాలి.