ప్రభుత్వోద్యోగికి రాజ్యాంగ రక్షణ: ఆర్టికల్ 311

పోటీ పరీక్షల ప్రత్యేకం - ఇండియన్ పాలిటీ

ఒక జూనియర్ అసిస్టెంట్ టేబుల్ మీదికి చార్జిమెమో వచ్చిందనుకోండి. కవరు విప్పేలోపే 'ఉద్యోగం ఉంటుందా?' అన్న భయం పట్టుకుంటుంది. ఆ ప్రశ్నకు జవాబు రాజ్యాంగం 14వ భాగంలో ఉంది.

ముఖ్యాంశాలు
- ఆర్టికల్ 309: నియామకాలు, సర్వీసు నిబంధనలు.
- ఆర్టికల్ 310: కేంద్ర ఉద్యోగులు రాష్ట్రపతి, రాష్ట్ర ఉద్యోగులు గవర్నర్ అభీష్టం మేరకు కొనసాగుతారు.
- ఆర్టికల్ 311(1): నియమించిన అధికారి కంటే కింది స్థాయి అధికారి డిస్మిస్ చేయరాదు, తొలగించరాదు.
- ఆర్టికల్ 311(2): అభియోగాలు తెలిపి, విచారణ జరిపి, వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా డిస్మిస్, తొలగింపు, హోదా తగ్గింపు చెల్లవు.

విచారణ అక్కర్లేని 3 సందర్భాలు
1. క్రిమినల్ కేసులో శిక్షకు దారితీసిన ప్రవర్తన
2. విచారణ ఆచరణసాధ్యం కాదని అధికారి కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసినప్పుడు
3. దేశ భద్రత దృష్ట్యా విచారణ తగదని రాష్ట్రపతి లేదా గవర్నర్ భావించినప్పుడు

ఈ మినహాయింపులను సుప్రీంకోర్టు తులసీరామ్ పటేల్ కేసులో (1985) సమర్థించింది. హైదరాబాద్ ఈసీఐఎల్ - కరుణాకర్ కేసులో (1993) విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాల్సిందేనని చెప్పింది. నివేదికలో ఏముందో తెలియకుండా ఎవరైనా తమను తాము ఎలా కాపాడుకోగలరు?

గుర్తుంచుకోండి: సస్పెన్షన్ శిక్ష కాదు, ఆ కాలంలో జీవనభృతి చెల్లించాలి.

మాదిరి ప్రశ్న: శిక్ష ప్రతిపాదనపై రెండోసారి అవకాశం ఇవ్వాలన్న నిబంధనను తొలగించిన సవరణ ఏది?
జవాబు: 42వ సవరణ (1976)