పదహారు వోల్టుల బీడు గురించి

కర్నూలు

పాపా,

నీ ఉత్తరం అందింది. నేల ఆరిపోతే బజరు మోగే కిట్లు నలభై కట్టి, వేంపల్లె పక్క బడి పిల్లలకు ఇస్తానంటే ఎంత సంతోషమైందో! మీ అత్తకు రెండుసార్లు చదివి వినిపించినాను. మూడోసారి నాకోసం చదువుకుంటుంటే ఒక మాట దగ్గర గుండె ఝల్లుమంది. "12 వోల్టుల ఎలిమినేటరుకు 16 వోల్టుల టాంటలం బీడు కండెన్సరు వేసినాను మామా, నాలుగు వోల్టులు మిగులే కదా."

మిగులు కాదు తల్లీ. రాత్రే మనింటి ఎలిమినేటరు తీసి, దానికేమీ తగిలించకుండా కొలిచినాను. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్ళోకి వచ్చినప్పుడు బురదలోంచి తీసి ఎండబెట్టుకున్న ఆ పాత మీటరుతోనే. ముల్లు 17 దాటి నిలిచింది. ఏసీలో 12 అనేది శిఖరం కాదు, శిఖరం దానికి 1.414 రెట్లు. డయోడ్లు ఒకటిన్నర వోల్టు తిన్నా, లోడు లేని ట్రాన్స్‌ఫార్మర్ రాసినదానికంటే ఎక్కువే ఇస్తుంది. పైగా పల్లెల్లో బోరు మోటార్లు ఆగినప్పుడు ఇళ్ళలో వోల్టేజీ ఎట్లా ఎగబాకుతుందో నీకు నేను చెప్పాలా?

నా కుడి చూపుడువేలి మీద మచ్చ ఉంది కదా. చిన్నప్పుడు నువ్వడిగితే నూనె చుక్క పడిందన్నాను. నూనె కాదు. బురుజు దగ్గరి అంగట్లో పని నేర్చుకునే రోజుల్లో డోన్ నుంచి ఒక జీపు రేడియో వచ్చింది. ఇంజన్ ఆపి కొలిస్తే 12.6. నీలాగే 16 వోల్టుల బీడు వేసినాను. బండి స్టార్ట్ చేసి, శబ్దం బాగుందా అని దగ్గరికి వంగినాను. పసుపుపచ్చ బీడు ఎర్రబడి, చిటపటమని తెల్లటి వెలుగుతో పగిలింది. నిప్పుకణిక ఎగిరొచ్చి వేలికి అతుక్కుంది. కన్ను జానెడు దూరంలో ఉంది పాపా. మా గురువు తిట్టలేదు. వేలికి నీళ్ళు పోస్తూ "బండి తిరుగుతుండగా కొలిచినావా?" అని మాత్రం అడిగినాడు. ఆ తర్వాత కొలిస్తే 14.4.

అల్యూమినియం కండెన్సరు ఉబ్బుతుంది, కారుతుంది, మెల్లగా చస్తుంది. టాంటలం అట్లా కాదు, షార్ట్ అవుతుంది. దాని లోపలి మాంగనీస్ డయాక్సైడు వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది, టాంటలం ఆ గాలితోనే మండుతుంది. ఎదురుగా కాస్త రెసిస్టెన్స్ ఉంటే చిన్న లోపాన్ని తనంతట తనే మాన్పుకుంటుంది. నేరుగా బ్యాటరీకో ఎలిమినేటరుకో తగిలిస్తే, స్విచ్ వేసిన క్షణాన దూకే కరెంటు దాన్ని మాననీయదు. అందుకే బీడు మీద రాసిన వోల్టులో సగానికి మించి ఎక్కించొద్దంటారు. మన ఎండ దానికి లెక్కలోది కాదు, 85 డిగ్రీల దాకా రాసిన వోల్టు చెల్లుతుంది. మూసిన డబ్బాలో, వేడెక్కే 7805 రెగ్యులేటరు పక్కన ఆనించి పెట్టకు, అంతే.

నువ్వు అన్నం సరిగ్గా తింటున్నావా? సెలవుల్లో వచ్చినప్పుడు మణికట్టు చూసి మీ అత్త దిగులుపడింది. ఇడుపులపాయ మెస్సులో బువ్వ నచ్చకపోతే చెప్పు, మొహమాటం వద్దు.

ఎలిమినేటరు వైపు టాంటలం అసలే వద్దు. 35 వోల్టుల అల్యూమినియం వెయ్యి. డబ్బా కాస్త పెద్దదైతే కానీలే. 7805 దాటినాక 5 వోల్టుల వైపు ఆ 16 వోల్టుల బీడే వేసుకో, అక్కడ అది హాయిగా బతుకుతుంది. ఇంకొకటి. అల్యూమినియం మీద గీత మైనస్ వైపుంటుంది, చిప్పులాంటి టాంటలం మీద గీత ప్లస్ వైపు. బీడుకైతే ప్లస్ గుర్తు, పొడుగు కాలు చూడాలి. పిల్లలు తీగలు కూడా తిప్పి పెడతారు, పెట్టకుండా ఉండరు. బోర్డు మీద ప్లస్ పెద్దగా అచ్చు వెయ్యి, లోపలికొచ్చే తీగకు ఒక 1ఎన్4007 డయోడు అడ్డం పెట్టు.

కట్టేసినవి ఎన్ని ఉన్నాయో రాయి. అవి ఎవరికీ ఇవ్వొద్దు. ఆదివారం నేనే బస్సెక్కి వస్తాను, ఇద్దరం కూర్చుంటే సాయంత్రానికి నలభై ఉన్నా మార్చేస్తాం. 35 వోల్టులవి సంచిలో వేసిపెట్టినాను, పక్కనే మీ అత్త కట్టిన బుడ్డల పొడి ఉంది.

నీ మేనమామ