ఛాతీ వార్డులో నేర్చుకున్నవి

1. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఈ మూడూ వినగానే మన దగ్గర ఏ డాక్టరు చెయ్యయినా టీబీ అని రాయడానికే పోతుంది. నాదీ పోయింది. 1990ల్లో ఒక పంతులమ్మగారికి కఫంలో క్రిమి కనపడకపోయినా ఆరు నెలలు టీబీ మందులు మింగించాను. దగ్గు తగ్గలేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మొదట్లో రెండు పక్కలా ఉబ్బిన గ్రంథులూ కరగలేదు. అది సార్కాయిడోసిస్. ఒంటిని కాపాడాల్సిన కణాలే గుంపులు కట్టి, ఎక్కడ పడితే అక్కడ సన్నటి గడ్డలయ్యే జబ్బు. అంటుకోదు. కానీ ఆ ఆరు నెలలూ ఇంట్లో ఆవిడ కంచం, గ్లాసు వేరే పెట్టారు.

2. రోగి మన గది బోర్డు చూసి జబ్బు చెబుతాడు. ఛాతీ డాక్టరుకు దగ్గు చెబుతాడు. కంటి సంగతి కంటి డాక్టరు కోసం దాచుకుంటాడు. పంతులమ్మగారూ అంతే. కళ్లు ఎర్రబడి, వెలుతురు చూడలేక, వేరే చోట చుక్కల మందు తెచ్చుకున్నారు. ముంగాళ్ల మీద ఎర్రగా నొప్పిగడ్డలు లేస్తే వేడి చేసిందనుకున్నారు. నేనూ అడగలేదు. ఆ తర్వాత మాత్రం ఎవరినీ అడక్కుండా వదల్లేదు: చూపు మసకబారిందా? పాత దెబ్బ మచ్చ ఏదైనా మళ్లీ ఉబ్బిందా? మూతి ఎప్పుడైనా పక్కకు పోయిందా? చెవి ముందు వాపు? చీలమండల నొప్పి? పది నిమిషాల పని. ఓపీలో రెండొందల మంది నిలబడి ఉంటే ఆ పది నిమిషాలు ఎక్కడివంటారా, నిజమే.

3. ఎక్స్‌రే చూస్తే గుండె జారుతుంది, మనిషేమో నడుచుకుంటూ వస్తాడు. ఆ పొంతన కుదరకపోతే ఆగి ఆలోచించండి.

4. నీరసమనగానే విటమిన్ డి సూది పొడిచే అలవాటు మనకు ముదిరింది. ఈ జబ్బులో ఆ గడ్డలే విటమిన్ డికి పదును పెట్టి, కొందరిలో రక్తంలో కాల్షియం పెంచేస్తాయి. పైనుంచి మనమూ పోస్తే దాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు. ముందు కాల్షియం చూడండి.

5. కళ్లు తిరిగి పడ్డానంటే ఈసీజీ ఆ రోజే తీయండి. గుండెలో కరెంటు నడిచే దారిలో కూడా ఈ గడ్డలు కూర్చుంటాయి.

6. ముక్క తీసి చూడందే తేల్చొద్దు. టీబీ గడ్డ నడుమ జున్నులా మెత్తబడుతుంది, ఇందులో అలా ఉండదు. అయితే జున్ను కనపడనంత మాత్రాన టీబీ కాదనీ రాసేయలేం. తొందరపడి స్టెరాయిడ్ మొదలుపెడితే, లోపల ఉన్నది టీబీ అయితే భగ్గుమంటుంది. మా పాథాలజీ మిత్రుడితో నేను ఎక్కువగా పోట్లాడింది ఈ స్లైడ్ల దగ్గరే.

7. పంతులమ్మగారి బయాప్సీ రిపోర్టు వచ్చాక, స్టెరాయిడ్ ఎన్నాళ్లు వాడాలో, ఏమేం జాగ్రత్తలో చెప్పుకుపోతున్నాను. ఆవిడ వినడం లేదు. "ఇది అంటుకోదు కదండీ, మా చిన్నదాన్ని పక్కలో పడుకోబెట్టుకోవచ్చా?" అన్నారు.