చక్రముల యిల్లు - వాగునీరు

గడచిన దసరా సెలవులలో నేనును, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నాతో చదివిన మిత్రు డొకడును దమ్మపేటనుండి భద్రాచలమునకు బయలుదేరితిమి. మిత్రుడు పాత వ్యాను నొకదానిని కొని, అందులో రెండు పడకలు, గ్యాసుపొయ్యి, నీళ్లపీపా అమర్చుకొనియుండెను. ఇట్టి బండ్లను క్యారవాను లందురు. మా పాఠశాల పిల్లలు దానికి "చక్రముల యిల్లు" అని పేరు పెట్టిరి. మన తాతలు గూడుబండి కట్టుకొని తీర్థములకు పోవుటయు నిట్టిదే గదా. ఎడ్లకు మారుగ యంత్రము వచ్చినది.

మేము ములకలపల్లి మీదుగ పాల్వంచ చేరవలెనని తలంచితిమి. దమ్మపేట దాటగనే యిరుప్రక్కల ఆయిల్‌పామ్ తోటలు. కోసిన గెలలు బాటప్రక్క కుప్పలు పడియుండెను. ఆ గెలలు ఒక దినములోపల మిల్లు చేరనిచో నూనెలో ఆమ్లము పెరుగును. కావున వాన కురియుచున్నను ట్రాక్టర్లు ఆగవు. తోటలు పలుచబడినకొలది మద్ది, టేకు, తునికి కానవచ్చినవి. ఒక యిప్పచెట్టు క్రింద బండి నిలిపి వంట చేసికొంటిమి. అన్నము కొంత మాడినది. అది నా తప్పే.

మధ్యాహ్నము రెండు గంటలకు ప్రారంభమైన వాన సాయంకాలమున వెలిసినది. అప్పటికి మేమొక వాగు చేరితిమి. వంతెన లేదు, నేలమట్టపు కాజువే మాత్రమే కలదు. దానిపై ఎఱ్ఱని నీరు పారుచుండెను. ఆ రాత్రి భోజనమునకు భద్రాచలములో మిత్రుని తల్లి మాకొఱకు కనిపెట్టుకొని యుండెను.

"మోకాటిలోతు నీరు. ఇంత బరువైన బండిని ఏమి చేయగలదు?" అని మిత్రుడు యంత్రము నడిపించెను.

ఒడ్డున పశువులను తోలుకొనివచ్చిన కోయ వృద్ధు డొకడు నిలిచియుండెను. అతడు "పంతులూ, పైన కొండల్లో ఇంకా కురుస్తున్నది, ఆగండి" అని, చేతికఱ్ఱను నీటియంచున పాతెను. పావుగంటలో ఆ కఱ్ఱ జానెడు మునిగినది. నేను బండి తాళపుచెవి తీసి జేబులో వేసికొంటిని. ఇరువది యేండ్ల స్నేహములో నేనాతని నిట్లు అడ్డగించుట అదియే మొదలు. రాత్రి భోజనమువేళ అతడు నాతో మాటలాడలేదు.

విద్యార్థులారా, నా మిత్రుని ప్రశ్నకు సమాధానము మీ విజ్ఞానశాస్త్ర పుస్తకములోనే యున్నది. పై తరగతులవారు గుణించి చూడుడు. ఆ బండి పొడవు 5 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు, అనగా అడుగుభాగపు వైశాల్యము 9 చదరపు మీటర్లు. ఆ యడుగు నేలకు 30 సెంటీమీటర్ల యెత్తున నున్నది. నీరు దానిని తాకిన పిదప ఎక్కు ప్రతి సెంటీమీటరునకును బండి 90 లీటర్ల నీటిని తొలగించును. తొలగిన నీటి బరువెంతయో, అంత బరువును నీరు తనపై మోయును. ఆర్కిమిడీసు సూత్రమిదియే. మా బండి సామానుతో సుమారు 2,500 కిలోగ్రాములు. కావున అడుగుభాగము 28 సెంటీమీటర్లు మునిగిన చాలును, బండి తేలును. నేలనుండి కొలిచిన 58 సెంటీమీటర్లు, రెండడుగులైనను లేదు! నీరు లోపలికి కారుటచే ఈ లెక్క కొంత మారును. కాని బండి నిండువఱకు ప్రవాహము ఊరకుండదు.

తేలకమునుపే ప్రమాదము కలదు. చక్రములు నేలను పట్టుకొనుటకు కారణము బరువే. 45 సెంటీమీటర్ల లోతులో నీరు 1,350 కిలోగ్రాములను మోయగా, చక్రములపై 1,150 మాత్రమే మిగులును. ప్రవాహవేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగు రెట్లగును. ఇంటిగోడవంటి ప్రక్కభాగము గల బండికి ఆ త్రోపు మఱియు నెక్కువ. మిత్రుడు బలమని తలంచిన పెద్ద ఆకారమే అచ్చట దాని బలహీనత.

నా భయము లెక్కలవలన మాత్రమే కలిగినది కాదు. 2024 జూలైలో అశ్వారావుపేట మండలము గుమ్మడవల్లి యొద్ద పెద్దవాగు ప్రాజెక్టుకట్ట తెగినది. ప్రవాహములో చిక్కిన కూలీలను హెలికాప్టరుతో కాపాడవలసివచ్చెను. ఆ దినముల తరువాత వాగులను నేను చిన్నవని తలంచుట మానితిని.

గూడుబండ్లవారు వాగు పొంగినచో ఎడ్లను విప్పి, ఒడ్డుననే పొయ్యి రాజేసెడివారు. మాకును ఇల్లు వెంటనే యుండెను, పడకలుండెను, బియ్యముండెను. అయినను తొందరపడితిమి! ఆ రాత్రి కప్పల రొదలో నాకు మంచి నిద్ర పట్టినది. మిత్రునికి పట్టలేదట.

తెల్లవారుసరికి నీరు పిక్కలలోతునకు తగ్గి తేటపడెను. కాజువే నడుమ బారెడు వెడల్పున కాంక్రీటు కొట్టుకొనిపోయి, గుంట పడియుండెను. అది రాత్రి పడినదో, మేము వచ్చునప్పటికే ఎఱ్ఱనీటి క్రింద నున్నదో చెప్పజాలను. మిత్రుడు చాలసేపు దానినే చూచి, బండి వెనుకకు త్రిప్పెను. కొత్తగూడెము చుట్టి, పాల్వంచ మీదుగ మధ్యాహ్నమునకు భద్రాచలము చేరితిమి.

1965లో ప్రారంభమైన వారధిపైనుండి గోదావరిని చూచితిమి. ఇచ్చట నీరు 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48 అయిన రెండవది, 53 అయిన మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినది. ఇంత పెద్దనదికి కొలతబద్ద యున్నది. మన యూరి వాగునకు లేదు.

మిత్రుని తల్లి రాత్రి వండిన అన్నమును చద్దిగా పెట్టి, "తాళపుచెవి తీసినదెవరు నాయనా?" అని యడిగెను. మిత్రుడు నావైపు చూపి నవ్వెను. తిరుగుప్రయాణములో వెదురుకఱ్ఱ యొకటి కొని, దానిపై సెంటీమీటర్ల గీతలు తానే గీసెను. 30వ గీతకు ఎఱ్ఱరంగు పూసినాడు. ఆ కఱ్ఱ యిప్పుడు చక్రముల యింటిలో పడకప్రక్కన వ్రేలాడుచున్నది.