ఏ డిస్కు ఏ పోర్టులో

విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు బాగుచేసిన పెద్దాయనకు తమ్ముడి కూతురు ఒక కొటేషన్ ఫొటో తీసి పంపింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోని ఒక షాపు రాసిచ్చింది. వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న ఆ అమ్మాయి ఇంట్లోని కంప్యూటర్‌కు కొత్త డిస్కు కొనాలి. కాగితం మీద సాటా, ఎన్‌వీఎంఈ, యూఎస్‌బీ అని మూడు రకాలున్నాయి. ‘ఏది తీసుకోమంటావు పెదనాన్నా?’ అని అడిగింది. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని ఆయన నాలుగు పేజీల ఉత్తరం రాశారు.

“అమ్మలూ, షాపుకు వెళ్లేముందు క్యాబినెట్ మూత తీసి చూశావా?” అన్నది మొదటి వాక్యం. అట్టపెట్టె మీద అంకెలు తర్వాత, ఇంట్లో ఉన్న మదర్‌బోర్డు మీద ఏ పోర్టులున్నాయో చూడటం ముందు అని ఆయన పట్టుదల.

మూత తీస్తే బోర్డు అంచున, ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరంలా వంగిన గాడితో కనిపించేవి సాటా పోర్టులు. డేటాకు ఏడు పిన్నుల సన్న కేబుల్, కరెంటుకు పదిహేను పిన్నుల వెడల్పు కనెక్టర్. ఆ వంపు వల్ల తిరగేసి పెడితే పట్టదు. అయినా బలవంతం చేస్తే డిస్కు వైపున్న ప్లాస్టిక్ నాలుక పుటుక్కున విరుగుతుంది. అలా విరిగిన డిస్కులు తన బల్ల మీదికి చాలా వచ్చాయని రాశారాయన. “తీసేటప్పుడు కేబుల్ పట్టి లాగకు తల్లీ. కనెక్టర్ మీద చిన్న ఇనుప క్లిప్పు ఉంటే అది నొక్కి, తలకాయ పట్టుకుని తియ్యి.”

2003లో సాటా డిస్కులు మార్కెట్లోకి వచ్చినప్పుడు వేగం సెకనుకు 1.5 గిగాబిట్లు. తర్వాత 3 అయింది. 2009లో ఖరారైన మూడో తరంలో 6. బిట్లను బైట్లుగా మార్చబోయి చాలామంది 750 మెగాబైట్లని లెక్క కడతారు. కానీ సాటాలో ప్రతి 8 బిట్ల సమాచారం 10 బిట్లుగా మారి వెళుతుంది కాబట్టి చేతికందే గరిష్ఠం 600. అదైనా హార్డ్ డిస్కుకు ఎక్కువే. నిమిషానికి 7,200 సార్లు తిరిగే మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 150 నుంచి 250 మెగాబైట్ల మధ్యే నడుస్తుంది. పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. చదివే ముల్లు జరగడానికి మరికొంత. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉంటే కాలమంతా ఆ తిరుగుడుకే పోతుంది. బైపాస్ రోడ్డు ఎంత వెడల్పుగా వేసినా దాని మీద ఎడ్లబండి వేగం పెరగదు కదా.

అదే సాటా పోర్టుకు ఎస్‌ఎస్‌డీ పెడితే 550 దాకా వస్తుంది. పళ్లెం లేదు, ముల్లు లేదు. పాత కంప్యూటర్‌కు ప్రాణం పోసేది ఈ మార్పే అని ఆయన ఖాయంగా చెబుతారు.

ఉత్తరంలో ఒక పేజీ మొత్తం, బోర్డు మీది స్లాటులో నేరుగా గుచ్చే ఎం.2 పలకల గురించే. ఎందుకంటే మోసపోయేది అక్కడే. ఎక్కువగా కనిపించేది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవుతో ఉండే పలక, అందుకే దాన్ని 2280 అంటారు. ఎం.2 అన్నది ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఒకే ఆకారంలో సాటా పలకా ఉంటుంది, ఎన్‌వీఎంఈ పలకా ఉంటుంది. సాటాదైతే అదే 550. ఎన్‌వీఎంఈ నేరుగా పీసీఐఈ దారుల మీద నడుస్తుంది. పీసీఐఈ మూడో తరంలో సెకనుకు 3,500 మెగాబైట్ల దాకా, నాలుగో తరంలో 7,000 దాకా వెళుతుంది. ఒకసారి ఒక కుర్రాడు సాటా ఎం.2 పలక కొని ఇంటికి తీసుకెళ్లాడు. అతని బోర్డు స్లాటు ఎన్‌వీఎంఈని మాత్రమే తీసుకునేది. పలక చక్కగా కూర్చుంది, స్క్రూ బిగిసింది, తెర మీద మాత్రం డిస్కు జాడే లేదు. బోర్డు పోయిందనుకుని రెండు రోజులు తిరిగి చివరికి పెద్దాయన దగ్గరికి వచ్చాడు. అమ్మిన షాపు వాపసు తీసుకోలేదు. ఆ సంగతి రాసేటప్పుడు ఆయన కోపం ఇంకా చల్లారలేదని అక్షరాల్లోనే తెలుస్తుంది. మదర్‌బోర్డు మాన్యువల్ చదవకుండా ఎం.2 కొనొద్దని కింద గీత గీసి మరీ రాశారు. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం ఆగిపోతాయి. అదీ మాన్యువల్‌లోనే ఉంటుంది.

యూఎస్‌బీ దగ్గర లెక్క సూటిగా ఉంది. పాత 2.0 పోర్టులో సెకనుకు 35 మెగాబైట్లు వస్తే 500 గిగాబైట్లు కాపీ కావడానికి దాదాపు నాలుగు గంటలు. అదే పోర్టబుల్ హార్డ్ డిస్కు 3.0 పోర్టులో 120 ఇస్తే గంటా పది నిమిషాలు. 3.0 పోర్టు లోపల చాలావాటికి నీలం రంగు ఉంటుంది. కానీ రోజూ ఎడిటింగ్ చేసే ఫైళ్లు బయటి డిస్కులో పెట్టడం ఆయనకు నచ్చదు. కాలు తగిలి కేబుల్ ఊడితే, రాస్తున్న ఫైలు అక్కడే చెడిపోవచ్చు.

ఇక ఆయన తీర్పు: విండోస్‌కు, చేతిలో ఉన్న ప్రాజెక్టుకు 500 గిగాబైట్ల ఎన్‌వీఎంఈ. పూర్తయిన వీడియోలకు 4 టెరాబైట్ల సాటా హార్డ్ డిస్కు. వాటి కాపీకి యూఎస్‌బీ డిస్కు, పని కాగానే ఊడదీసి బీరువాలో. బోర్డుకు ఎం.2 స్లాటే లేకపోతే సాటా ఎస్‌ఎస్‌డీ చాలు, దానికోసం బోర్డు మార్చి డబ్బు తగలెయ్యొద్దు. చవగ్గా దొరికే సెకండ్‌హ్యాండ్ సర్వర్ డిస్కుల జోలికీ పోవద్దు. వాటిలో చాలావరకు ఎస్‌ఏఎస్ రకం, సాటా కేబుల్ వాటికి పట్టదు.

ఉత్తరంతో పాటు కొరియర్‌లో ఒక పాత డిస్కు కూడా వచ్చింది. 40 పిన్నుల ఐడీఈ రకం, పక్కన యూఎస్‌బీ కన్వర్టర్, కరెంటు అడాప్టర్. జంపర్‌ను మాస్టర్‌లోనే పెట్టాను, కదపొద్దు అని చీటీ అంటించి ఉంది. అందులో నానమ్మ మాట్లాడిన పద్దెనిమిది నిమిషాల వీడియో ఉందట. కొత్త డిస్కు బిగించగానే ముందు అది ఎక్కించమని, ఎక్కిన రోజున ఫోన్ చేయమని రాశారు.