పరదేశమున మోటారు సైకిలు యాత్ర

పరిగి నుండి హిందూపురమునకు పోయివచ్చు యువకులకు మోటారు సైకిలు నిత్యోపకరణము. ఆ వాహనమే పెనుకొండ చెంత 44వ జాతీయ రహదారి నెక్కినచో హైదరాబాదు, నాగపురము దాటించును. అచ్చటి నుండి జబల్పూరు, కాశి, గోరఖపురముల మీదుగా సరిహద్దున నున్న సునౌలి చేర్చును. దాని కావల నేపాళదేశము. అచ్చట మనము గృహస్థులము గాము, అతిథులము.

ఈ త్రోవలో కొంతభాగము తెలుగువారికి చిరపరిచితము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, జబల్పూరుల మీదుగా కాశి చేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చెను. ఆ సీమలు వేర్వేరు ప్రభువుల యేలుబడిలో నుండెను. వెంట సుమారు నూరుగురు పరివారమున్నను, ఆయన ప్రతి మజిలీయందును దూరమును, వసతులను, జనుల నడవడిని విచారించి వ్రాసికొనెను. ఆ వ్రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యెను. ఏకాకియైన వాహనచోదకునకు అట్టి పరివారము లేదు. కావున విచారణమే అతనికి తోడు.

విద్యార్థులారా! పదునెనిమిది యేండ్లు నిండి, లైసెన్సు పొందినగాని మీరీ వాహనమును నడుపరాదు. నేపాళమున ప్రవేశించు భారతీయునకు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమువారి గుర్తింపు పత్రము గాని యుండవలెను. వాహనమునకు సరిహద్దు సుంకపు కార్యాలయమున ‘భన్సార్’ అను అనుమతి పొందవలెను. బీమా పరదేశమున చెల్లునో లేదో ముందే అడిగి తెలిసికొనవలెను. అచ్చటను వాహనములు ఎడమ ప్రక్కనే నడచును. కాని వర్షకాలమున కొండచరియలు విరిగి దారులు మూసికొనుట కలదు. శిరస్త్రాణము లేక ఒక్క అడుగైనను సాగరాదు.

దారి బాగున్నంత మాత్రమున దేశము నెమ్మదిగా నుండునని తలపరాదు. 2025 సెప్టెంబరు 8వ తేదీన ఖాట్మండులో యువజనుల నిరసనపై కాల్పులు జరిగెను. మరునాడు ప్రధానమంత్రి రాజీనామా చేసెను, పార్లమెంటు భవనము మంటలపాలయ్యెను, విమానాశ్రయము మూతపడెను. పశుపతినాథ, ముక్తినాథ క్షేత్రముల దర్శించుటకు పోయిన తెలుగువారనేకులు అచ్చట చిక్కుకొనిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సచివాలయమున సహాయకేంద్రము నెలకొల్పి, వారెచ్చటెచ్చట నున్నారో తెలిసికొనెను. సెప్టెంబరు 11వ తేదీన నూటనలువది మందికి పైగా ప్రత్యేక విమానమున స్వరాష్ట్రము చేరిరి.

ఇందు గ్రహింపదగినది యొకటి కలదు. తామున్న చోటును తెలియజేసి, అచ్చటనే నిలిచియున్నవారిని కనుగొనుట సులభము. మోటారు సైకిలు గలవానికి మాత్రము, ‘వాహనమున్నదిగదా, తప్పించుకొని పోవుదును’ అను తలంపు కలుగును. అదియే ప్రమాదము. కారునకున్న కప్పును గోడలును దానికి లేవు. గుంపు నడుమ చిక్కినచో వేగము పనికిరాదు. అట్టివేళ బండిని లోపల నిలిపి, బసలో నుండి, మన రాయబార కార్యాలయమునకును ఇంటివారికిని తన చోటును తెలుపవలెను. కర్ఫ్యూ నతిక్రమింపరాదు. వేడుకకై ఊరేగింపుల చెంత చేరరాదు, ఛాయాచిత్రములు తీయరాదు. ఇంటివారు కలహించునపుడు అతిథి పక్షము వహించుట తగదు; అట్లే, వారి కష్టమును వినోదముగా చూచుటయు తగదు.

బండి నడుపుట కొలది దినములలో అలవడును. దానిని ఎప్పుడు నిలుపవలెనో తెలియుటకే వివేకము కావలయును.