సైకాలజీలో అమ్మాయిల జోరు... అబ్బాయిలకూ చోటు

ఒకప్పుడు సైకాలజీ మగవాళ్ల చదువు. అమెరికాలో మేరీ విటన్ కాల్కిన్స్ పీహెచ్‌డీకి కావలసినదంతా పూర్తి చేసినా, మహిళ కాబట్టి హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెకు పట్టా ఇవ్వలేదు. ఆమే 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1970లో ఆ దేశంలో సైకాలజీ డాక్టరేట్లు పొందినవారిలో మహిళలు దాదాపు 20 శాతమే. 2005 నాటికి 70 శాతం దాటేశారు. మన దగ్గర కూడా సైకాలజీ తరగతుల్లో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తున్నారు.

రాయచోటిలో అవసరం ఎంత?

ఇక్కడ కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. తల్లో తండ్రో గల్ఫ్‌లో, పిల్లలు అవ్వాతాతల దగ్గర. దానికి తోడు కరవు, అప్పులు, నీట్, ఈఏపీసెట్ ఒత్తిడి. ఇంటి గొడవలు, కాన్పు తర్వాతి దిగులు లాంటివి ఆడవాళ్లు సాటి ఆడమనిషితోనే తేలిగ్గా చెప్పుకుంటారు. కాబట్టి మహిళా కౌన్సెలర్లకు గిరాకీ ఉంది. అయితే తాగుడు మానలేక, అప్పు సంగతి ఇంట్లో చెప్పలేక నలిగే మగవాళ్లూ తక్కువేం కాదు. సాటి మగవాడైతేనే నోరు విప్పేవాళ్లు వారిలో చాలామంది. 'ఇది ఆడవాళ్ల కోర్సు' అని అబ్బాయిలు వెనక్కి తగ్గితే వీళ్లకు దిక్కెవరు? తెలుగుతోపాటు ఉర్దూ వస్తే ఈ ఊళ్లో అది అదనపు బలం.

ఎలా చేరాలి?

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా బీఏ సైకాలజీలో చేరవచ్చు. తర్వాత ఎంఏ లేదా ఎంఎస్సీ. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బెంగళూరు నిమ్హాన్స్ ఈ శిక్షణకు పేరుమోసింది. కోర్సుల నిబంధనలు మారుతున్నాయి గనుక చేరే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో తాజా జాబితా చూడండి.

ఉద్యోగాలు ఎక్కడ?

విశాఖలో చదువుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు అర్హత కలిగిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలంది. జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఇకపై వెతుక్కోవాల్సింది మిమ్మల్నే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, సఖి కేంద్రాలు, ఫ్యామిలీ కోర్టులు, డీఅడిక్షన్ కేంద్రాలు, 2022లో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ (14416) లాంటి చోట్లా కౌన్సెలింగ్ పని ఉంటుంది.

జాగ్రత్తలు

వారాంతపు సర్టిఫికెట్‌తో 'సైకాలజిస్ట్' బోర్డు పెట్టించే సంస్థలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. ఇంకోటి: ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న వృత్తిని 'సేవ' అని పొగిడి జీతం కోసే అలవాటు మన సమాజానికి ఉంది. గౌరవ వేతనమంటే ఎంత, ఒప్పందం ఎన్నేళ్లు, పని గంటలెన్ని అని చేరే రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఎదుటివాళ్ల మాట ఓపికగా వినడం, విన్నది బయటపెట్టకపోవడం శిక్షణతో, సాధనతో పట్టుబడే పని. అది ఆడా మగా చూసి రాదు. ఆ ఓపిక మీలో ఉంటే అమ్మాయైనా, అబ్బాయైనా ధైర్యంగా దరఖాస్తు చేయండి.